యాభై రెండు కునుకులు

మనిషి నిద్రపోయాడా లేదా అన్న సంగతి ఆ మనిషికి తెలియదని, తెలిసే అవకాశం లేదని, తెలుసని అతనే చెప్పినా నమ్మవలసిన పని అసలే లేదని భారీ వాహన చోదకుల నిద్రా ధ్రువీకరణ విభాగం ఏనాడో తేల్చేసింది. ఇందులో తప్పు పట్టడానికేమీ లేదు. నిద్రపోయేవాడు నిద్రలో ఉంటాడు కదా, సాక్ష్యం ఎలా చెబుతాడు? అందుకే ఆ భారాన్ని విభాగం తన నెత్తికెత్తుకుంది. ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు అని పెద్దలన్నారు. ఆ పెద్దలెవరూ ఈ విభాగంలో పనిచేసినవాళ్ళు కారు. (చేసి ఉంటే నిద్ర ఏమేమి ఎరిగి ఉండాలో ఒక జాబితా తయారుచేసి, మూడు ప్రతులు జతచేయమనేవారు.)

విభాగానికొక నియమావళి ఉంది. అందులో ఏడో నియమం ప్రకారం 'నిద్ర దినం' మధ్యాహ్నం పన్నెండు గంటలకు మొదలై, మర్నాడు మధ్యాహ్నం పన్నెండుకు ముగుస్తుంది. దీని వెనక ఎంతో కరుణ ఉంది. మామూలు తేదీ అర్ధరాత్రి మారుతుంది. ఆ లెక్కన పోతే రాత్రి పడుకున్నవాడి నిద్ర నట్టనడుమ తెగి రెండు ముక్కలవుతుంది. నిద్రపోతున్న మనిషిని అలా రెండుగా కోయడం అమానుషమని తొమ్మిదిమంది సభ్యుల కమిటీ భావించింది. ఏ మనిషీ నిద్రపోని వేళ ఏదా అని తీవ్రంగా ఆలోచించి, మిట్టమధ్యాహ్నాన్ని ఎంపిక చేసింది. (ఆ సమావేశం భోజనాల తర్వాత జరిగింది. నిర్ణయం ఏకగ్రీవం. ముగ్గురు సభ్యుల సమ్మతిని వాళ్ళ తలలు ముందుకు వాలిన తీరును బట్టి నమోదు చేసుకున్నారు.)

ఎనిమిదో నియమం ఇంకా సులువు. ఒక నిద్ర దినంలో ఏకబిగిన నాలుగు గంటలు పడుకుంటే అది నిద్ర. అంతకు ఒక్క నిమిషం తగ్గినా కునుకు. కునుకులు ఎన్ని తీసినా, కుప్ప పోసి చూపించినా నిద్ర కాజాలవు.

ఈ రెండు నియమాలూ కూడబలుక్కున్నట్టు వచ్చి జనరేటర్ అనే లారీ డ్రైవరు మీద పడ్డాయి.

జనరేటర్ అన్నది తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు, లారీల యార్డులో తోటి డ్రైవర్లు పెట్టింది. అతను క్యాబిన్‌లో నడుం వాల్చాడంటే అటు మూడు లారీల వాళ్ళు, ఇటు మూడు లారీల వాళ్ళు కరెంటు పోయింది కాబోలనుకునేవారు. నిజానికి గురకతో వచ్చిన చిక్కేమీ లేదు. గురక ఆగినప్పుడే చిక్కు. స్లీప్ ఆప్నియా అనే ఆ జబ్బులో నిద్రపోయినవాడి గొంతు మూసుకుపోయి ఊపిరి ఆగుతుంది. ప్రాణం ఉలిక్కిపడి అతన్ని కుదిపి లేపుతుంది. మళ్ళీ పడుకుంటాడు, మళ్ళీ ఆగుతుంది. ఎనిమిది గంటలు పడుకున్నా లేచేసరికి ఒళ్ళు ఎనిమిది బస్తాలు మోసినట్టుంటుంది.

జనరేటర్ భార్య రెడీమేడ్ చొక్కాలకు ఇంట్లోనే కాజాలు కుడుతుంది. డాక్టరు దగ్గరికి అతన్ని లాక్కెళ్ళింది ఆమే.

"నేనో కాజా పూర్తిచేసేలోపు ఈయన ఊపిరి రెండుసార్లు ఆగుతుందండీ. రెండోసారి సూది ఆపేసి చూస్తుంటాను, మళ్ళీ వస్తుందో రాదో అని" అని చెప్పింది.

పరీక్షల్లో గంటకు నలభైసార్లు అని తేలింది. ఆమె కాజాల లెక్కతో సరిగ్గా సరిపోయింది. డాక్టరు గాలి మెషీన్ రాశాడు. ముక్కుకు మాస్కు, మాస్కుకు గొట్టం, గొట్టం చివర మందుల డబ్బాపాటి పెట్టె. అది గాలిని ఒత్తిడితో పంపుతూ గొంతును మూసుకుపోనివ్వదు. మొదటిరోజు దాన్ని పెట్టుకుని ఏడు గంటలు పడుకుని లేచిన జనరేటర్ చాలాసేపు మంచం మీదే కూర్చుండిపోయాడు.

"ఏవండీ, ఏమైంది? ఎక్కడన్నా నొప్పా?" అని భార్య కంగారుపడింది.

"ఎక్కడా లేదే. అదే చూసుకుంటున్నా" అన్నాడు.

ఆమె వంటింట్లోకి వెళ్ళి గోడకానుకుని ఏడ్చింది. సంతోషానికే. పదకొండేళ్ళుగా పక్కన పడుకున్న మనిషి ఊపిరిని కాపలా కాసి, ఆ రోజు మొదటిసారి కాపలా దిగింది. ఆ నెలంతా జనరేటర్ రోడ్డును చూస్తూ బండి నడిపాడు. అంతకుముందు గుర్తుమీద నడిపేవాడు.

మెషీన్‌లో ఒక చిప్పు కూడా ఉంది. ఎప్పుడు మాస్కు పెట్టాడు, ఎప్పుడు తీశాడు అన్నది అది నేరుగా విభాగానికి విన్నవించుకుంటుంది. నెల తిరగగానే ఉత్తరం వచ్చింది.

'ముప్పది నిద్ర దినములలో మీరు నాలుగు దినములు మాత్రమే నిద్రించితిరి. కనీస అర్హత ఇరువదియొకటి. మొత్తం వినియోగము: 210 గంటలు. నిద్రలు: 4. కునుకులు: 52. నెల దినములలో సరిచేసుకొననిచో మీ చోదక యోగ్యతా కార్డు రద్దగును.'

కార్డు లేనివాడికి యార్డులో లారీ తాళం ఇవ్వరు. జనరేటర్ ఇరవై మూడేళ్ళుగా లారీ తోలుతున్నాడు, ఇంకే పనీ రాదు. మేకు కొట్టబోతే వేలు కొట్టుకునే రకం. ఉత్తరం రెండుసార్లు చదివి, యాభై రెండు కునుకులు తను ఎప్పుడు తీశాడా అని ఆలోచించాడు.

అతని దినచర్య ఇది. సాయంత్రం నాలుగు కల్లా యార్డులో వరసలో ఉండాలి. సరుకెక్కించుకుని, లారీలను రోడ్డెక్కనిచ్చే ఎనిమిది గంటలకు బయల్దేరతాడు. అర్ధరాత్రి పన్నెండున్నరకు అవతల ఊరు చేరి సరుకు దించి, కూరగాయలెక్కించుకుని, రెండింటికి వెనుదిరుగుతాడు. ఆరున్నరకు మార్కెట్‌లో ఉంటాడు. దించి ఇంటికొచ్చి ఎనిమిదిన్నరకు మాస్కు పెట్టుకుంటాడు, మూడున్నరకు తీస్తాడు. అంటే మిట్టమధ్యాహ్నం పన్నెండన్నది అతని నిద్రకు సరిగ్గా నడినెత్తిన వచ్చి కూర్చుంది. ముందుకు జరుపుదామంటే మార్కెట్ ఒప్పుకోదు, వెనక్కి జరుపుదామంటే యార్డు ఒప్పుకోదు.

మర్నాడు పొద్దున పడుకోవలసిన వేళ నిద్రా ధ్రువీకరణ విభాగానికి వెళ్ళాడు. కౌంటరు వెనక సెక్షన్ మేడం ఉంది. మంచి మనిషి. ఎవరినీ కసురుకోదు, ఎవరి పనీ కానివ్వదు.

"మీరు రోజుకి రెండు కునుకులు తీస్తున్నారండీ" అంది తెర చూస్తూ.

"కునుకులేంటి మేడం, ఏడు గంటలు ఒళ్ళు తెలీకుండా పడుకుంటుంటే!"

"ఎనిమిదిన్నర నుంచి పన్నెండు దాకా ఒకటి. పన్నెండు నుంచి మూడున్నర దాకా ఒకటి. రెండూ మూడున్నరే."

"మధ్యలో నేను లేవలేదు కదా."

"మీరు లేవలేదండీ. రోజు మారింది." ఆవిడ తెరను అతని వైపు తిప్పింది. "ఈ నాలుగు రోజులూ చూడండి, ఎంత చక్కగా పడుకున్నారో. రాత్రి పది నుంచి పొద్దున ఐదు దాకా. ఇలా రోజూ పడుకోవచ్చు కదా?"

"ఆ నాలుగు రోజులూ నాకు సెలవు మేడం. బండి తీయలేదు."

అంటే బండి తీయని రోజుల్లో అతను బండి తీయడానికి పూర్తి యోగ్యుడు. ఈ సంగతి ఇద్దరికీ ఒకేసారి స్ఫురించింది కానీ, ఆవిడకు దాన్ని రాయడానికి తగిన గడి ఏదీ కనబడలేదు. రోగి పూర్తిగా కోలుకున్నాడని డాక్టరు రాసిస్తే అతను తెచ్చిన కాగితాన్ని మాత్రం ఎంతో మర్యాదగా తీసుకుని, 'ఇతరుల అభిప్రాయాలు' అన్న ఫైలులో పెట్టింది.

"పోనీ ఒక పని చేయండి. నిద్రన్నా జరపండి, లేదా పన్నెండన్నా జరపండి" అంది. ఆ మాట అన్నాక ఒక్క క్షణం ఆలోచించి, "పన్నెండు మా సెక్షన్ కింద రాదు" అని సవరించుకుంది.

పగటి లోడు దొరికితే రాత్రి పడుకోవచ్చని జనరేటర్ మేడ మెట్లెక్కాడు. లారీల రాకపోకల వేళలు చూసేది పై అంతస్తులోని రహదారి భద్రతా విభాగం. అక్కడి వేళల అధికారి ఓపిగ్గా విన్నాడు.

"పగలు లారీలు తిరగకూడదు. రాత్రే నడపాలి. ఇది జనం ప్రాణాలకు సంబంధించిన విషయం" అన్నాడు.

"కింద మేడం రాత్రి పడుకోవాలంటున్నారండీ."

"ఎందుకట?"

"జనం ప్రాణాలకు సంబంధించిన విషయమట."

"చూశావా, అందరం ఒకే మాట మీదున్నాం" అని అధికారి సంతోషించాడు.

ఆ రెండు విభాగాల మధ్యా ఉన్నవి ఇరవై రెండు మెట్లు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్న సామెత కింద కప్ప బాధను ఎవరూ విచారించరు. జనరేటర్ ఆ మెట్లు దిగి మళ్ళీ కౌంటరు ముందు నిలబడేసరికి పదకొండున్నర అయింది. అతని కళ్ళు చూసి సెక్షన్ మేడంకి నిజంగానే జాలేసింది. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

"మీకొక మాట చెప్తా. ఆ మెషీన్‌కి నిద్ర తెలీదండీ. దానికి తెలిసింది ఊపిరి ఒక్కటే. మాస్కు పెట్టుకుని నాలుగు గంటలు ఒకచోట కదలకుండా కూర్చున్నా చాలు, దానికి మీరు పడుకున్నట్టే."

"నాలుగు గంటలు కదలకుండా కూర్చోవడానికి నాకు తీరికెక్కడిది మేడం? నేనలా కూర్చునేది స్టీరింగు ముందే."

ఆవిడ ఫ్యాను వంక చూసింది. తర్వాత క్యాలెండరు వంక చూసింది.

"నేనేమీ అనలేదు" అంది.

"నేనూ ఏమీ వినలేదు" అన్నాడు జనరేటర్.

ఆ రాత్రి నుంచి గాలి మెషీన్ లారీ ఎక్కింది. బ్యాటరీ నుంచి వైరు లాగి, పెట్టెను పక్కసీటు మీద తాడుతో కట్టి, తిరుగు ప్రయాణంలో రెండు గంటలకు మాస్కు తగిలించుకుని, ఆరున్నరకు తీసేవాడు. అంతసేపూ కళ్ళు బార్లా తెరిచి, రెండు చేతులా స్టీరింగు పట్టుకుని, నియమావళి ప్రకారం గాఢనిద్రలో ఉండేవాడు. మొదటిరోజు చెక్‌పోస్టు దగ్గర జవాను టార్చి వేసి, ముక్కుకు గొట్టంతో ఉన్న డ్రైవరును చూసి హడలిపోయాడు. తర్వాత, ఇంత జబ్బులోనూ డ్యూటీ మానని మనిషని మెచ్చుకుని దారిచ్చాడు.

ఆరు రోజులకు ఆరు నిద్రలూ విభాగంలో నమోదయ్యాయి. రొట్టె విరిగి నేతిలో పడిందనుకున్నాడు జనరేటర్. రాత్రి విభాగం కోసం పడుకుంటున్నాడు, పగలు తన కోసం పడుకుంటున్నాడు. ఏడో రోజు రెండో ఉత్తరం వచ్చింది. ఇది ఎర్ర అంచు కవరు.

మళ్ళీ కౌంటరు. మళ్ళీ మేడం.

"పంతొమ్మిదో నియమం తగిలిందండీ" అంది విచారంగా. "రాత్రి నిద్ర సరిపోయినవాడికి పగలు కునుకు రాకూడదు. మీరు రాత్రి నాలుగున్నర గంటలు హాయిగా పడుకున్నాక కూడా పగలు రెండేసి కునుకులు తీస్తున్నారు. అంటే జబ్బు ముదిరిందని లెక్క. ఇలాంటివాళ్ళని స్టీరింగు ముందు కూర్చోనివ్వడం చాలా ప్రమాదం."

"అవి కునుకులు కావు మేడం. నా నిద్రంటే అదే. రాత్రిది..." అని ఆగిపోయాడు. రాత్రిది ఏమిటో చెబితే కార్డు అక్కడికక్కడే పోతుంది.

"రెండిట్లో ఏదో ఒకటి మానేయాలండీ."

"ఏది మానమంటారు?"

"లెక్కలోకి రానిది" అంది ఆవిడ, ఇందులో అడగడానికేముందన్నట్టు.

కాబట్టి జనరేటర్ పగలు మాస్కు మానేశాడు. మెషీన్ లారీలోనే ఉండిపోయింది. ఎనిమిదిన్నరకు ఉత్త ముక్కుతో పడుకునేవాడు. వీధి చివరి దాకా వినబడే గురక తిరిగొచ్చింది, దాని వెనకే నిశ్శబ్దమూ వచ్చింది. భార్య తన చొక్కాల మూటను పడగ్గదిలోకి మార్చుకుని మంచం పక్కనే పీట వేసుకుంది. ఊపిరి ఆగినప్పుడల్లా మోకాలితో మంచం కోడును తన్నేది. అతను గుటకవేసి, ఇటు తిరిగి, మళ్ళీ మొదలుపెట్టేవాడు. ఆ నెలలో ఆమె కుట్టిన కాజాలు వంకరపోయాయని చొక్కాలిచ్చే మేస్త్రీ రెండు మూటలు తిప్పి పంపాడు.

"ఎందుకండీ ఈ తిప్పలు? మెషీన్ ఇంట్లోనే ఉంచండి. కార్డు పోతే పోనీండి. మనిషంటూ ఉంటే చాలు నాకు" అంది ఒకరోజు.

"కార్డు పోయాక నేను మనిషిగా ఉంటానా? పొద్దస్తమానం ఈ ఇంట్లో కూర్చుని నీకు సూదిలో దారం ఎక్కించమంటావా?"

"ఎక్కించండి. తప్పేముంది?"

ఆమె అడిగింది వేళాకోళానికి కాదని అతనికి తెలుసు. చొక్కా తొడుక్కుంటూ గుండీ ఒకటి వదిలి ఒకటి పెట్టుకున్నాడు. ఆమె లేచి సరిచేసింది.

రెండో ఉత్తరం నాటి నుంచి కొత్తగా లెక్కపెట్టిన నెల ముగిసి ఫలితాలొచ్చాయి. ముప్పై దినాలకు ముప్పై నిద్రలు, కునుకులు సున్నా. (సెలవు రోజుల్లో కూడా యార్డుకెళ్ళి, ఆగి ఉన్న లారీలోనే ఆ నాలుగున్నర గంటలు పడుకున్నాడు. వైరు ఊడదీసి మళ్ళీ బిగించే ఓపిక లేదు మరి.) విభాగం అతన్ని 'ఆదర్శ నిద్రాపరుడు'గా ప్రకటించి ఒక ప్రశంసాపత్రం ఇచ్చింది. అదే వారం పై అంతస్తువాళ్ళు తమ రికార్డులు తిరగేసి, నెలలో ప్రతి ట్రిప్పులోనూ రెండు నుంచి ఆరున్నర దాకా ఎక్కడా బండి ఆపకుండా, వేగం తగ్గకుండా నడిపిన డ్రైవరు ఇతనొక్కడేనని గుర్తించి మరో ప్రశంసాపత్రం ఇచ్చారు. ఒక పత్రం ప్రకారం అతను ఆ వేళల్లో పడుకుని ఉన్నాడు, మరో పత్రం ప్రకారం లారీ నడుపుతున్నాడు. రెండింటి మీదా ఒకే కమిషనరు సంతకం ఉంది. ఆయన ఎప్పుడూ చదివి సంతకం పెట్టే మనిషని పేరు.

ఆ తర్వాత పదకొండో రోజు, తెల్లవారి ఆరు గంటలు దాటిన వేళ, వెలుతురు బాగానే ఉంది. రోడ్డు ఖాళీగా ఉంది. జనరేటర్ కళ్ళు తెరిచే ఉన్నాననుకున్నాడు. గులకరాళ్ళ చప్పుడుకు ఉలిక్కిపడేసరికి ఎడమ చక్రాలు తారు దిగి మట్టిలో పోతున్నాయి. ఎదురుగా ఉండవలసిన సైకిలు లేదు. అంతకుముందు దూరాన ఒక సైకిలు వెళ్తోందని మాత్రం అతనికి గుర్తుంది. బ్రేకు మీద నిలబడ్డాడు. కూరగాయల బస్తాలు వెనక నుంచి క్యాబిన్‌ను గుద్దాయి.

దిగి చూస్తే సైకిలు కాలవలో ఉంది. పాలు పోసే మనిషి గట్టు మీద ఉన్నాడు, నడుముదాకా పాలలో తడిసి. ఒక్క దెబ్బ తగల్లేదు. ఆఖరి క్షణంలో దూకాడట. జనరేటర్ చక్రాన్ని పట్టుకుని కింద కూర్చున్నాడు. మాస్కు ఇంకా ముఖానే ఉంది, తెగిన గొట్టం గుండెల మీద వేలాడుతోంది. పాలవాడు దగ్గరికొచ్చి తిడతాడనుకున్నాడు. అతను వంగి ముఖంలోకి చూశాడు.

"నిద్రపోయావా అన్నా?" అని అడిగాడు.

ఇన్ని నెలల్లో, ఇన్ని ఉత్తరాల్లో, ఇన్ని కౌంటర్లలో ఆ మాట అతన్నే నేరుగా అడిగిన మొదటి మనిషి ఆ పాలవాడు. జనరేటర్ తల ఊపాడు. తర్వాత రెండు చేతుల్లో ముఖం పెట్టుకుని పసిపిల్లాడిలా ఏడ్చాడు. తను చచ్చి ఉండేవాడని కాదు, ఈ మనిషిని చంపి ఉండేవాడని.

మార్కెట్‌లో సరుకు దించి, లారీ తాళం యార్డులో ఇచ్చేసి, ఇంటికి వెళ్ళకుండా నేరుగా వెళ్ళి, విభాగం తలుపులు తీసేసరికి అక్కడున్నాడు. చొక్కాకు ఇంకా మట్టి ఉంది. జేబులోంచి యోగ్యతా కార్డు తీసి కౌంటరు మీద పెట్టాడు.

"తీసేసుకోండి మేడం. ఇవాళ బండి నడుపుతూ నిద్రపోయాను. ఒక మనిషి ప్రాణం వెంట్రుకవాసిలో దక్కింది."

సెక్షన్ మేడం కళ్ళజోడు సవరించుకుని కార్డు నంబరు కొట్టింది. తెర మీద చాలాసేపు వెతికింది. ఆవిడ ముఖంలో ఆందోళన పోయి, మెల్లగా ఊరట వచ్చింది.

"అవునండీ, పడుకున్నారు. రెండింటి నుంచి" అంది. "నిన్నా పడుకున్నారు, మొన్నా పడుకున్నారు. ఒక్క రోజు కూడా తప్పలేదు."

"అది కాదు మేడం. మిగతా రోజులు పడుకోలేదు. ఇవాళ నిజంగా పడుకున్నాను."

ఆవిడ 'నిజంగా' అన్న గడి కోసం తెరను కింది దాకా జరిపి చూసింది. మళ్ళీ పైదాకా జరిపి చూసింది. లేదు.

"మిగతా రోజులకీ ఇవాళ్టికీ రికార్డులో తేడా ఏమీ లేదండీ" అని, కార్డు మీద వచ్చే ఏడాదికి కూడా ముద్ర వేసి అతని చేతికిచ్చింది. "ఇలాగే పడుకుంటూ ఉండండి."